టెక్ సందేహాలు: 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో 17 ఎలా వస్తున్నాయి?

ప్రశ్న: పాత యాంప్లిఫయర్‌లోని 12 వోల్టుల 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు నాలుగు 1ఎన్4007 డయోడ్లతో బ్రిడ్జ్ (ఏసీని డీసీగా మార్చే సర్క్యూట్) కట్టి, 1000 మైక్రోఫారడ్ 16 వోల్టుల కెపాసిటర్ పెట్టాను సార్. మీటర్ 17 దాకా చూపిస్తోంది. వైఫై రూటర్‌కు ఇవ్వొచ్చా? (పాలిటెక్నిక్ విద్యార్థి, అనంతపురం)

వద్దు. ముందు స్విచ్ ఆపి ఆ కెపాసిటర్ మార్చండి, 16 వోల్టులదాని మీద 17 పడుతూ ఉంటే అది ఉబ్బి పగిలిపోతుంది.

మీ బ్రిడ్జ్ మాత్రం సరిగ్గానే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన 12 ఆర్ఎంఎస్ విలువ (ఏసీకి ఒకరకం సగటు లాంటిది), పీక్ అంటే ఏసీ అల ఎక్కే గరిష్ఠ వోల్టేజీ దానికి 1.414 రెట్లు, అంటే దాదాపు 17, కెపాసిటర్ నిండేది ఆ పీక్ దాకా. కరెంటు ఎప్పుడూ రెండు డయోడ్ల గుండా పోతుంది కాబట్టి లోడ్ పెడితే 1.4 వోల్టుల దాకా తగ్గుతుంది, ఖాళీగా ఉంటే అంత తగ్గదు. మన పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఆగిన వేళ లైన్ వోల్టేజీ 250కి ఎక్కిందంటే ఈ 17 కాస్తా 18 దాటుతుంది. అందుకే 25 వోల్టులది తప్పనిసరి, 35 అయితే ఇంకా మంచిది.

ఇంకో సంగతి, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. బ్రిడ్జ్ నుంచి సెకనుకు 100 సార్లు పీక్ వస్తుంది, ఆ మధ్యలో లోడ్‌ను మోసేది కెపాసిటరే. అర ఆంపియర్ లాగితే 1000 మైక్రోఫారడ్ మీద 4 వోల్టుల దాకా పడిపోతుంది, 4700 పెడితే ఒక వోల్టు లోపే. ఆ తర్వాత 7812 రెగ్యులేటర్ (వోల్టేజీని 12 దగ్గర నిలిపే చిప్) పెట్టాలి, వేడి లాగే హీట్‌సింక్‌తో సహా. ఇన్ని చేసినా ఈ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి డీసీలో సుమారు 0.6 ఆంపియర్లకు మించి ఆశించకూడదు, రూటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు 1 ఆంపియర్ అని ఉంటే ఇది చాలదు. రూటర్‌కు బీఐఎస్ గుర్తు ఉన్న అడాప్టర్ కొనుక్కోండి, ఈ బోర్డును మాత్రం పారేయకండి, రెగ్యులేటర్ పెట్టి ప్రాక్టికల్స్‌కు వాడుకోండి, దీనితో నేర్చుకునేది చాలా ఉంది.

ప్రశ్న: బ్యాటరీ చార్జర్‌లో బ్రిడ్జ్ కాలిపోతే కేబీపీసీ3510 (నాలుగు డయోడ్లూ ఒకే దిమ్మలో ఉండే రెడీమేడ్ బ్రిడ్జ్) తెచ్చాను. గుర్తులు కనపడడం లేదు, ప్లస్ ఏది? (కడప)

చతురస్రంలో ఒక మూల కోసినట్టు ఉంటుంది చూడండి, ఆ పక్క కాలే ప్లస్, అది మిగతా మూడింటికి అడ్డంగా తిరిగి కూడా ఉంటుంది. దానికి ఎదురు మూలలో మైనస్, మిగిలిన రెండూ ఏసీ. డయోడ్ మోడ్‌లో ఎరుపు ప్రోబ్ ఏసీ కాలికి, నలుపు ప్లస్‌కు పెడితే 0.5 దరిదాపుల్లో చూపాలి, తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. 35 ఆంపియర్లదని ధైర్యంగా ఉత్తగా వేలాడదీయొద్దు, 10 ఆంపియర్ల దగ్గరే 20 వాట్ల దాకా వేడి పుడుతుంది, వేడిని పలకకు చేరవేసే థర్మల్ పేస్ట్ రాసి అల్యూమినియం పలకకు బోల్టుతో బిగించాల్సిందే.