టీకాకు ముందటి సీరంలోనూ డెంగీ ప్లేక్‌లు తగ్గిపోతున్నాయా? (సమాధానం)

డెంగీ వైరస్‌ను సీరంతో (రక్తంలోని ద్రవభాగంతో) కలిపి కణాలపై పోసి, వైరస్ కణాలను చంపినచోట పడే మచ్చలను (ప్లేక్‌లను) లెక్కపెట్టే పరీక్ష గురించి మీరు అడిగారు. టీకా వేయకముందు తీసిన సీరాలన్నీ ప్లేక్‌లను సగానికి తగ్గిస్తున్నాయంటే అనుమానించాల్సింది సీరాన్ని కాదు, వైరస్ కంట్రోల్‌ను, అంటే పోలిక కోసం సీరం లేకుండా ఉంచే వైరస్‌ను. దాన్ని ఐస్ మీది నుంచి నేరుగా కణాలపై పోశానని మీరే రాశారు.

1. కంట్రోల్ వైరస్‌కు, సీరాన్ని పలుచన చేసిన మీడియాన్నే (కణాలను పెంచే ద్రవాన్నే) సమానంగా కలపండి. మిగతా మిశ్రమాలతో పాటే 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచండి. చాలామంది వదిలేసేది ఇదే. డెంగీ వైరస్ ఆ వేడికి సీరం లేకపోయినా కొంత చచ్చిపోతుంది. ఆ నష్టమంతా ఇప్పుడు సీరం ఖాతాలో పడుతోంది.

2. 50 శాతం తగ్గుదలను ఈ కంట్రోల్‌తోనే లెక్కకట్టండి.

3. సీరాన్ని ముందుగా 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసే ఉంటారు. లేకపోతే అదీ చేయండి.

అప్పటికీ కొందరి సీరంలోనే తగ్గుదల మిగిలితే, దానికి కారణం పాత డెంగీ లేదా జపనీస్ ఎన్‌సెఫలైటిస్ యాంటీబాడీలు కావచ్చు. అది పరీక్ష లోపం కాదు.