సందేహాలు – సమాధానాలు: మజిలీ అంటే గమ్యమా?

సందేహం: మా మనుమరాలికి రోజూ రాత్రి మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు చదివి వినిపిస్తున్న. "మజిలీ అంటే గమ్యమే గద తాతా, ఒక్క ప్రయాణానికి ఇన్ని గమ్యాలేంది?" అని అడిగింది. మజిలీకీ, మన దగ్గర అనే మంజిల్‌కూ తేడా ఉన్నదా? ఆ కథల్లో కాశీకి బయలుదేరిన మణిసిద్ధుడి వెంట పశులకాపరి ఎందుకు పోయినట్టు? వాళ్ళు మన ఓరుగల్లు మీదుగా పోయి ఉంటారా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ మనుమరాలి ప్రశ్నలోనే సగం జవాబున్నది. ప్రయాణానికి గమ్యం ఒకటే, మజిలీలు ఎన్నైనా. ఇది తేలితే కాపరి మనసూ తేలుతుంది గనుక ముందు మాట సంగతి చూద్దాం.

మజిలీకి మూలం అరబ్బీ మంజిల్. దాని ధాతువు 'నజల', అంటే దిగడం. ఒంటె మీది నుంచో గుర్రం మీది నుంచో దిగి, మూటలు దించి, ఆ రాత్రికి ఆగే చోటు మంజిల్. ఖురాను దివి నుంచి దిగివచ్చిందని చెప్పడానికి ఉర్దూలో వాడే 'నాజిల్' కూడా ఈ ధాతువుదే. గమ్యం పుట్టుక వేరు. సంస్కృత 'గమ్' ధాతువుకు పోవడమని అర్థం, పోవలసిన చోటు గమ్యం. పోవడం నుంచి ఒక మాట, దిగడం నుంచి ఒక మాట పుట్టినప్పుడు రెంటినీ ఒకే గాట కట్టడం ఏం న్యాయం? మన తెలుగుకూ ఈ ఊహ కొత్త కాదు. వరంగల్లుకు వచ్చిన చుట్టాన్ని "ఏడ దిగిండ్రు?" అంటే బస్సు దిగిన చోటు అడిగినట్టు కాదు, బస అడిగినట్టు. విడియు అంటే దిగి ఆగడం, అందులోంచే విడిది.

అరబ్బుల జ్యోతిషంలో చంద్రుడికి 28 మంజిళ్ళు. మన 27 నక్షత్రాల వంటివే, రాత్రికొకటి చొప్పున చంద్రుడు విడిసి సాగిపోయే తావులు. వాటిలో ఏదీ ఆయన గమ్యం కాదు. ఇంకా ముచ్చటైన సంగతి: వారం రోజుల్లో పారాయణ పూర్తికావడానికి ఖురానును 7 మంజిళ్ళుగా విభజించుకున్నారు. అంటే చదువరి ఒక రోజు సాగి ఆగే చోటు కూడా మంజిలే. దీక్షితులు గారు అధ్యాయమనో ఆశ్వాసమనో అనకుండా మొదటి మజిలీ, రెండవ మజిలీ అంటూ 12 భాగాలు నడిపించారు. ఆ పేరు కథకు ఎంత అతికిందో చూడండి.

మంజిల్‌లోని సున్న మరాఠీలో జారి 'మజల్' అయింది, తెలుగులో జారి మజిలీ అయింది. మజిలి అని హ్రస్వంగా రాసినా తప్పు లేదు. మేడ అంతస్తు అనే అర్థం మంజిల్‌కే ఉన్నది, మజిలీకి రాలేదు.

ఆగే చోటే కాక, ఒక రోజు నడకనూ మజిలీ అంటారు. నడిచేవాళ్ళకు అది ఆమడ, ఆమడన్నర. ఆమడకు నాలుగు క్రోసులు, సుమారు 8 నుంచి 10 మైళ్ళు. చీకటితో లేచి నడిచి ఎండ ముదరకముందే చేరాలి. చెరువో బావో, చెట్ల నీడ, వంటచెరకు, బియ్యం ఉప్పు దొరికే కొట్టు ఉన్న ఊరే మజిలీకి పనికొస్తుంది. నీళ్ళు లేవని తెలిస్తే రెండు మజిలీలు ఒకే రోజు నడవాలి. ఎడ్లు కూలబడేదీ, మనుషులు జబ్బుపడేదీ అట్లాంటి రోజే.

ఇప్పుడు కాపరి దగ్గరికి వద్దాం. కాశీకి తోడు కావాలని మణిసిద్ధుడు వెతికితే దొరికినవాడు ఇతడు. వాడు పెట్టిన షరతు పుణ్యం గురించి కాదు. దారిలో తనకు వింతగా తోచినదాన్ని అడుగుతాడు, మజిలీలో దాని కథ చెప్పాలి, చెప్పలేకపోతే వెనక్కి తిరుగుతాడు. కాశీ మణిసిద్ధుడి గమ్యం. కాపరికి కావలసింది మజిలీ. ప్రతి మజిలీలోనూ వాడు ఇంటికి మళ్ళిపోవచ్చు, కథ విని మరో రోజు నడుస్తాడు. వాడిని అమాయక భక్తుడిగానో వట్టి పెంకివాడిగానో చెప్పేవాళ్ళు ఈ షరతును మళ్ళీ చదవాలి. మజిలీని గమ్యం చేస్తే ఈ ఒప్పందమే కూలిపోతుంది.

ఓరుగల్లు సంగతి. వంద దాటిన ఆ మజిలీలను పటం మీద గీయాలని చూడకండి. అక్కడి మజిలీ కథకూ కథకూ నడుమ నాటిన రాయి. నిజమైన దారి కావాలంటే ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 కాశీయాత్రను చూడండి. చెన్నపట్నం నుంచి హైదరాబాదు, నిర్మల, నాగపురం, ప్రయాగ మీదుగా సాగింది, ఓరుగల్లును తాకలేదు. ఈనాటి కాజీపేట–బల్హార్షా రైలు దారిని పాత కథలకు తగిలించడం సరికాదు.

ఇక ఈనాటి వాడుక. "విజయ మజిలీని చేరుకున్నాడు", "లక్ష్యమనే మజిలీ" అని పత్రికల్లోనూ టీవీల్లోనూ కనబడుతున్నది. ఉర్దూ పాటల్లోని మంజిల్‌కు గమ్యమనే అర్థం బలపడింది, నిజమే. దాన్ని తెచ్చి తెలుగు మజిలీ నెత్తిన పెట్టడం అక్కరలేని పని. గమ్యమనే మాట మనకు చచ్చిపోలేదు గదా! ఉర్దూ అర్థమే కావాలంటే సున్నతో మంజిల్ అనండి, మన జిల్లాల్లో ఎవరికైనా తెలుస్తుంది. "చివరి మజిలీ" మీద మాత్రం తొందరపడి తీర్పు చెప్పను. మజిలీల వరుసలో ఆఖరుది అనుకుంటే అది ఒప్పే. చావుకు మర్యాదపేరుగా వాడితే, పునర్జన్మ నమ్మేవాళ్ళ నోట 'చివరి' అనే మాటే పొసగదు, మజిలీ పొసగుతుంది. మనుమరాలికి మాత్రం ఇంత చెప్పండి: "ఈ రాత్రికి మనం ఆగిన పేజీ కూడా మజిలీయే."