స్పోర్ట్స్ కారు సరే, మీ గేటు ముందు వాలు ఎంత?

"మెల్‌బోర్న్‌లో ఐదేళ్లున్నాను, వచ్చే ఏడాది విజయవాడ వచ్చేస్తున్నాను, ఇక్కడ నడుపుతున్న స్పోర్ట్స్ కారును వెంట తెచ్చుకోవడం తెలివైన పనేనా?" అని మీరు అడిగారు. కాదు. నేను ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకున్నాను.

నాది టయోటా 86. రెండు తలుపులు, 2 లీటర్ల ఇంజను, 200 హార్స్‌పవర్. సిలిండరు వ్యాసం 86 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం కూడా సరిగ్గా 86 మిల్లీమీటర్లు. ఈ ముచ్చట కార్ల రిపేరు షెడ్లుండే ఆటోనగర్‌లో ఎవరికి చెప్పినా మెచ్చుకుంటారు, మా ఇంట్లో ఎవరికి చెప్పినా లేచి వెళ్లిపోతారు. కానీ మీరు గుర్తుపెట్టుకోవలసిన కొలత వేరే ఉంది. నేలకూ ఆ కారు పొట్టకూ మధ్య ఖాళీ 13 సెంటీమీటర్లు. కస్టమ్స్ సుంకం గురించి అందరూ భయపెడతారు. నన్ను ఏడిపించింది మాత్రం ఈ 13 సెంటీమీటర్లే.

నిబంధనలు త్వరగా చెప్పేస్తాను. వాడిన కారు తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి. వాడిన కార్లను ముంబై రేవులోనే దించాలి, విశాఖ మనకు దగ్గర కదా అంటే కుదరదు. దిగాక పరీక్ష ఉంటుంది, నా కారు పుణె దాకా వెళ్లి వచ్చింది. నేను బోల్తా పడింది మొదటి నిబంధన దగ్గర. కారు కొన్నది 2016 జూన్‌లో, కాబట్టి 2019 జూన్ దాకా గడువుందని నిశ్చింతగా ఉన్నాను. కస్టమ్స్ పని చూసే క్లియరింగ్ ఏజెంటు ఫోనులో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "తలుపు తీసి రేకు మీద ఏ నెల ఉందో చూసి చెప్పండి సార్." చూస్తే ఫిబ్రవరి. కొన్న తేదీతో వాళ్లకు పని లేదు, ఫ్యాక్టరీ నుంచి బయటపడ్డ నెల కావాలి. ఆ నాలుగు నెలల తేడా వల్ల సంక్రాంతి తర్వాత రావలసినవాళ్లం దీపావళికే పెట్టెలు సర్దుకున్నాం. అద్దె ఇల్లు ముందే ఖాళీ చేసినందుకు కట్టిన డబ్బుల గురించి మా ఆవిడ ఇప్పటికీ ఎత్తుతుంది.

సుంకం సంగతికి వస్తే, మీరు ఎంతకు కొన్నారన్నది కాదు, కారు తయారైననాటి కంపెనీ ధర తీసుకుంటారు. అందులోంచి మొదటి ఏడాది మూడు నెలలకు 4 శాతం చొప్పున, రెండో ఏడాది 3 శాతం చొప్పున తరుగు తీసేస్తారు. మిగిలినదానికి ఓడ ఖర్చు, బీమా కలుపుతారు. నేను తెచ్చిననాడు వాడిన కారుకు మూల సుంకమే 125 శాతం. దాని మీద జీఎస్టీ, ఆ పైన సెస్సు. అంటే ఒక కారు నాకోసం కొని, రెండు కార్ల డబ్బు సర్కారుకు కట్టానన్నమాట. ఆ తర్వాత లెక్కలు మారాయి, మీరు వచ్చేనాటి రేట్లు చూసుకోండి. 2002లో సచిన్ టెండూల్కర్‌కు ఫెర్రారీ బహుమతిగా వచ్చి, సుంకం మినహాయించారన్నప్పుడు దేశమంతా గొడవ చేసింది. చివరికి ఆ సుంకం ఫెర్రారీకి అప్పటి యజమాని ఫియట్ కంపెనీ కట్టింది. అప్పట్లో కాలేజీ క్యాంటీన్‌లో నేనూ సచిన్‌ను తిట్టినవాణ్ణే. ముంబైలో చలానా చేతికొచ్చిన రోజున మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

ఈ విషయంలో అమెరికా వెళ్లినవాళ్లు అదృష్టవంతులు. అక్కడ స్టీరింగు ఎడమవైపు కాబట్టి, తేవాలా వద్దా అన్న ప్రశ్నే పుట్టదు. మా తోడల్లుడు డాలస్‌లో ఉంటారు. మస్టాంగ్ కారు తెస్తానని ఏటా ప్రకటిస్తారు, స్టీరింగు సంగతి ఏటా నేనే గుర్తుచేస్తాను.

ఇక అసలు విషయం. 2019 ఉగాదికి కారులో మొదటిసారి గుంటూరు బయలుదేరాం. అత్తగారిల్లు బ్రాడీపేటలో. కాజ టోల్‌గేటు దగ్గరే శకునం తెలిసింది. కిటికీలోంచి చెయ్యి పూర్తిగా చాచినా టిక్కెట్టు అందలేదు. లోపలి అబ్బాయి నడుము దాకా బయటికి వంగి ఇచ్చాడు. బ్రాడీపేట ఇళ్లు మీకు తెలిసే ఉంటాయి. వీధి పక్కన మురుగు కాలువ, దాని మీద సిమెంటు వాలు, ఆ వాలు పైన గేటు. వీధికి కొత్త రోడ్డు వేసినప్పుడల్లా, వాన నీళ్లు లోపలికి రాకూడదని ప్రతి ఇంటివాళ్లూ గేటు అంచు ఇంకో జానెడు లేపుతారు. మామగారు రెండుసార్లు లేపించారు.

ముందు బంపరు గీసుకోకుండా ఏటవాలుగా జాగ్రత్తగా ఎక్కించాను. ముందు చక్రాలు గేటు దాటాయి. అమ్మయ్య అనుకునేలోగా కింద గరగరమని చప్పుడు, కారు ఆగిపోయింది. ముందు చక్రాలు లోపల, వెనక చక్రాలు వాలు మీద, పొట్ట అంచు మీద. వెనక చక్రాలతో నడిచే బండి, ఆ చక్రాల మీదే బరువు లేదు. యాక్సిలరేటరు తొక్కితే టైరు కాలిన వాసన తప్ప ఫలితం లేదు. ఎదురుగా అత్తగారు ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. వెలిగించిన కర్పూరం మా కళ్ల ముందే ఆరిపోయింది.

పది నిమిషాల్లో వీధి వీధంతా వచ్చేసింది. "వెనక్కి తియ్యండి" అని సగం మంది, "ఒక్క ఊపులో ముందుకు పోనివ్వండి" అని సగం మంది. ఎదురింటి పెద్దాయన మాత్రం తాపీగా కారు చుట్టూ తిరిగి, "ఎంత పడిందండీ?" అని మామగారిని అడిగారు. మామగారు నా ముఖం చూసి, అసలు ఖర్చులో మూడో వంతు చెప్పారు. దానికే ఆయన పెదవి విరిచి, "ఆ డబ్బు పెడితే లాం ఊరి దగ్గర స్థలం వచ్చేది కదా" అన్నారు.

కాపాడింది పక్కన కడుతున్న అపార్ట్‌మెంటు మేస్త్రీ. ఆయన ఎవరి సలహా వినలేదు. రోడ్డు మీద బోర్లా పడుకుని కిందికి చూసి, రెండు సెంట్రింగు బల్లలు, నాలుగు ఇటుకలు తెప్పించాడు. ఆరుగురు వెనక వైపు ఎత్తి పట్టుకుంటే చక్రాల కిందికి బల్లలు తోసి, "ఇప్పుడు రివర్సులో రండి, తొందర వద్దు" అన్నాడు. వెన్నలోంచి తీసిన వెంట్రుకలా వచ్చేసింది. ఆ రోజు కారు వీధిలోనే నిలిపాం. మధ్యాహ్నం పులిహోర తింటూ కిటికీలోంచి చూస్తే, దాని ముందు ఎవరో ఒకరు ఫొటో దిగుతూనే ఉన్నారు.

మామగారి గేటును నేను తప్పుపట్టను, అది ఆయన సొంతం. నా కోపమంతా స్పీడు బ్రేకర్ల మీద. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, మెల్లగా లేచి మెల్లగా దిగాలి. అలాంటిది ఉంటే నా 13 సెంటీమీటర్లు చాలు, ఏ గొడవా లేదు. మన వీధుల్లో వేసేది మూరెడు వెడల్పు గోడ. పిల్లలున్నారని ఒకరు, గుడి ఉందని ఒకరు, పక్క వీధిలో ఉంది మనకెందుకు లేదని మరొకరు రాత్రికి రాత్రి కంకర పోసి దిమ్మ కట్టేస్తారు. పటమట నుంచి బెంజి సర్కిల్ వెళ్లడానికి నాకు ప్రత్యేకంగా ఒక దారుంది, దూరం రెట్టింపు. స్కూటరు మీద వెళ్లే మా నాన్న నాకన్నా ముందు చేరి, కాఫీ తాగేసి ఉంటారు.

కారుకు ఇక్కడ విడిభాగాలు దొరకవు కదా అని అడిగేవాళ్లకు ఒకటే మాట, ఆటోనగర్ ఉంది. బ్రాడీపేటలో చిరిగిన అడుగు రేకును ఒక పెద్ద షోరూములో చూపిస్తే, ఈ మోడలు మా కంప్యూటర్‌లో లేదన్నారు. ఆటోనగర్ మిస్త్రీ కంప్యూటర్ తెరవలేదు. పాత రేకును అచ్చుగా పెట్టి, రెండు రోజుల్లో అల్యూమినియంతో కొత్తది కొట్టించాడు. అసలుదానికన్నా గట్టిగా ఉంది. ఒత్తిడికి ముందే అంటుకోకుండా పెట్రోలు తట్టుకునే బలాన్ని ఆక్టేన్ అంటారు. ఆస్ట్రేలియాలో ఈ కారుకు 98 ఆక్టేన్ పెట్రోలు పోసేవాణ్ణి, అప్పట్లో ఇక్కడి బంకుల్లో మామూలుగా దొరికేది 91. ఎక్కువ ఒత్తిడి మీద పనిచేసే ఇంజను కాబట్టి ఎత్తు ఎక్కేటప్పుడు లోపల గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు చేసేది. ఖరీదైన పెట్రోలు పోయించండి, మూడో గేరులో తొక్కి పట్టకండి అని మిస్త్రీ చెవితోనే విని చెప్పాడు. ఇంత పనివాళ్లను చేతిలో పెట్టుకుని మనవాళ్లు కారు కడగడానికి కూడా షోరూముకే ఎందుకు పోతారో నాకు అర్థం కాదు.

మీరు ఎలాగూ తెచ్చుకుంటారని నాకు తెలుసు, ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు మానరు. వచ్చే ముందు తలుపు దగ్గరి రేకు మీద నెల చూసుకోండి. ఇక్కడ మీ నాన్నగారికి ఫోను చేసి, టేపు పట్టి గేటు ముందు వాలు కొలిపించండి. మామగారు ఆ రెండు సెంట్రింగు బల్లలనూ మేస్త్రీ దగ్గర ఆ రోజే కొనేశారు. మెట్ల కింద ఉంటాయి. ఎండాకాలంలో అత్తగారు వాటి మీద వడియాలు పెడతారు. మేం మంగళగిరి దాటామని ఫోను చేస్తే, వడియాలు చాప మీదికి మార్చి, బల్లలు తుడిచి గేటు దగ్గర పెట్టిస్తారు.