రక్తం ఆగిందని మందులు మానెయ్యొచ్చా?

సమస్య: నాకు 34 ఏళ్లు. బరువు 60 కిలోలు. రెండేళ్ల క్రితం రక్తవిరేచనాలైతే కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) చేసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. మెసలమిన్ మాత్రలతో రెండు నెలల్లో తగ్గిపోయింది. బాగానే ఉంది కదా అని ఆరు నెలల క్రితం ఆపేశాను. ఈమధ్య నడుము నొప్పికి పది రోజులు డైక్లోఫెనాక్ వేసుకున్నాను. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు రక్తం, బంక పడుతున్నాయి. భయంతో పాలు, గోధుమలు, కూరగాయలు, పండ్లు, మాంసం అన్నీ మానేశాను. 4 కిలోలు తగ్గాను. ఏం తినాలి? మా పిల్లలకు రాకుండా చూసుకోవచ్చా?

సలహా: మీరు తిండి గురించే ఎక్కువ రాశారు గానీ అసలు విషయం మధ్యలో రాసిన రెండు మాటల్లో ఉంది. మందు ఆపేశారు, నొప్పి మాత్రలు వేసుకున్నారు. వ్యాధి తిరగబెట్టటానికి ఈ రెండూ చాలు.

ఈ జబ్బులో పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తం కారుతుంది. సాధారణంగా మలద్వారం దగ్గర మొదలై ఖాళీ లేకుండా పైకి పాకుతుంది. రక్తం ఆగినంత మాత్రాన ఆ పొర పూర్తిగా మానిందని చెప్పలేం. అందుకే లక్షణాలు తగ్గాక కూడా మెసలమిన్ కొనసాగించమంటాం. ఇక డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి పేగు పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని దెబ్బతీస్తాయి. ఇకపై నొప్పికి పారాసిటమాల్, కాపడం వంటి వాటితోనే సరిపెట్టుకోండి.

ముందు జీర్ణకోశ నిపుణులను కలవండి. ఇన్‌ఫెక్షన్‌తోనూ అచ్చం ఇలాగే రక్తం, బంక పడొచ్చు. కాబట్టి క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియాతో సహా మల పరీక్ష చేయించాలి. రక్తంలో హిమోగ్లోబిన్, సీఆర్‌పీ (వాపును తెలిపేది), ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్), ఫెరిటిన్ (ఇనుము నిల్వను తెలిపేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరును తెలిపేది) కూడా చూస్తారు. మెసలమిన్ అరుదుగా కిడ్నీల మీద ప్రభావం చూపుతుంది, క్రియాటినిన్ అందుకే. మాత్రలు సాధారణంగా రోజుకు 2.4 నుంచి 4.8 గ్రాముల మోతాదులో ఇస్తారు. దీనికి తోడు మలద్వారం గుండా పెట్టే మందూ వాడితే మాత్రలొక్కటే వాడినదానికన్నా బాగా పనిచేస్తుంది. సిగ్గుపడి చాలామంది దీన్ని వదిలేస్తుంటారు, అది పొరపాటు. రాత్రి విరేచనానికి వెళ్లొచ్చాక ఎడమ పక్కకు తిరిగి, కుడి మోకాలు మడిచి పెట్టుకోవాలి. ఎనీమా (ద్రవ రూపంలో ఎక్కించే మందు) అయితే కనీసం అరగంట అలాగే పడుకోవాలి. తెల్లవార్లూ లోపలే ఉంటే మరీ మంచిది. మొదటి రెండు మూడు రాత్రులు నిలవక బయటికి వచ్చేయొచ్చు. వాపు తగ్గేకొద్దీ నిలుస్తుంది, మానెయ్యకండి.

ఇప్పుడు తిండి సంగతి. అన్నీ మానెయ్యటం వల్ల పుండు మానదు, కండ కరుగుతుంది. వ్యాధి ఉద్ధృతంగా ఉన్నప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే మీకు 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే! కాబట్టి గుడ్లు, చేప, చర్మం తీసిన కోడి మాంసం, పెరుగు మళ్లీ మొదలుపెట్టండి. ఒకేసారి కడుపు నిండా కాకుండా ఐదారుసార్లు కొద్దికొద్దిగా తినండి. కూరగాయలు తొక్కు, గింజలు తీసి మెత్తగా ఉడికించుకోవాలి. బాగా పండిన అరటిపండు తినొచ్చు. పచ్చి కూరగాయలు, గింజలు, వేపుళ్లు, కారం కొన్నాళ్లు పక్కన పెట్టండి. నీళ్లవిరేచనాలు ఎక్కువగా ఉంటే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి (5 మిల్లీలీటర్ల చెంచాతో, తలగొట్టి) కొద్దికొద్దిగా తాగండి.

కడుపు ఉబ్బటం వేరు, పుండు పెరగటం వేరు. పప్పు తిన్నాక గ్యాస్ వచ్చిందని కొలైటిస్ ఎక్కువైందనుకోవద్దు. పాలు పడటం లేదని అనుమానముంటే రెండు వారాలు ఆపి, తర్వాత అర గ్లాసు తాగి చూడండి. ఉబ్బరం రాకపోతే పాలు మానాల్సిన పని లేదు. ఊరికే మానేస్తే క్యాల్షియం తగ్గుతుంది. రేపు స్టిరాయిడ్లు వాడాల్సి వస్తే ఎముకలకు అది మరింత నష్టం. గోధుమలు, పండ్లు కూడా ఇలాగే ఒక్కొక్కటిగా, మూడు రోజులకొకటి చొప్పున చేర్చుకుంటూ తిన్నదీ, విరేచనాల సంఖ్యా నోట్‌బుక్‌లో రాసుకోండి.

వ్యాధి నెమ్మదించాక మెత్తటి తిండికే అతుక్కుపోవద్దు. కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు మెల్లగా పెంచండి. మేక, గొడ్డు, పంది మాంసాలు, నిల్వ చేసిన మాంసాలు, తీపి పానీయాలు, ప్యాకెట్ చిరుతిళ్లు, మద్యం తగ్గించండి. ఒత్తిడి ఈ జబ్బును పుట్టించదు గానీ లక్షణాలను పెంచుతుంది. నిద్ర, రోజూ నడక అందుకే అవసరం. పొగతాగేవారిలో ఇది తక్కువగా కనిపిస్తుందన్నది నిజమే గానీ, దాని కోసం సిగరెట్ ముట్టుకుంటే గుండెకూ ఊపిరితిత్తులకూ చేటు.

విరేచనాలు ఆపటానికి సొంతంగా లోపరమైడ్ వేసుకోవద్దు. తీవ్ర దశలో పేగు ప్రమాదకరంగా ఉబ్బిపోవచ్చు. రోజుకు ఆరుసార్లు గానీ అంతకు మించి గానీ రక్తవిరేచనాలై, జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ దాటినా, నాడి నిమిషానికి 90 దాటినా, కడుపు ఉబ్బి నొప్పి పెడుతున్నా అదే రోజు ఆసుపత్రిలో చేరాలి.

పిల్లల విషయం. ఇది అంటుజబ్బు కాదు. మిగతావారికన్నా ముప్పు కొంచెం ఎక్కువే గానీ, తల్లికో తండ్రికో ఉన్నా ఎక్కువమంది పిల్లలకు రాదు. కచ్చితంగా ఆపగలదని రుజువైన ఆహారమేదీ లేదు. వాళ్లకు పథ్యాలు పెట్టొద్దు, అవసరం లేకుండా యాంటీబయాటిక్స్ వాడొద్దు. బంకతో రక్తం పడితే మాత్రం మొలలని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించండి.

లక్షణాలు మొదలైన ఎనిమిదేళ్లకు, క్యాన్సర్ మార్పులున్నాయేమో చూడటానికి మళ్లీ కొలనోస్కోపీ చేయిస్తారు. మీకు ఇంకా ఆరేళ్లుంది, ఆ సంవత్సరాన్ని మీ ఫైలు మీద ఇప్పుడే రాసిపెట్టుకోండి.