ట్యాబ్‌లో మార్కులు తగ్గితే అల్జీమర్స్ అనుకోవాలా?

మీ నాన్నగారికి 70 ఏళ్ళనీ, ఫోన్‌లో పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు బాగా తక్కువ వచ్చాయనీ, ఇది అల్జీమర్సేనా, ఇకమీదట అదే పరీక్షతో జబ్బును గమనిస్తూ ఉండవచ్చా అనీ అడిగారు. ఒక్కసారి వచ్చిన మార్కులను బట్టి జబ్బును తేల్చకూడదు. అదే పరీక్షను ఒకే పద్ధతిలో కొన్ని నెలల ఎడంతో పెడితే మాత్రం ఎంతో తెలుస్తుంది. ఈ రెండూ మా అమ్మగారి విషయంలో నేను కళ్ళారా చూశాను.

నాలుగేళ్ళ క్రితం, ఆమెకు 68 ఏళ్ళప్పుడు, ఒక ఆసుపత్రిలో ట్యాబ్ చేతికిచ్చి పరీక్ష పెట్టారు. సూచనలన్నీ ఇంగ్లీషులో ఉంటే పక్కనున్న అమ్మాయి హడావుడిగా తెలుగులో చెబుతూ పోయింది. ఐదో తరగతితో చదువు ఆపి, పొలం పనుల్లో వేళ్ళు కాయలు కాచిన మనిషి ఆమె. రేషన్ షాపులో వేలిముద్ర పడక ఎన్నోసార్లు తిరిగి వచ్చిన చేతులవి. సరైన బొమ్మనే తాకుతున్నా తెర అందుకోలేదు. ఆమె నోట్లు లెక్కపెట్టేటప్పటిలా వేలు తడి చేసుకుని మళ్ళీ నొక్కేలోపు సమయం దాటిపోయేది. ఆ మార్కులు చూసి ఇల్లంతా కుంగిపోయాము.

తర్వాత మేము కలిసిన న్యూరాలజిస్టు గారు తెలుగులోనే గంటసేపు పరీక్ష చేయించి, విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు రాసి, నిద్రమాత్రలు వాడుతున్నారా, దిగులుగా ఉంటున్నారా అని కూడా అడిగారు, ఎందుకంటే వీటన్నిటి వల్లా మతిమరుపు వస్తుంది. బి12 లోపం బయటపడింది. దానికి మందులు వాడాక కూడా కొద్దిపాటి లోపం మిగిలింది గానీ, దాన్ని డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డొచ్చేంత మతిమరుపు) అనలేమని చెప్పారు. తెలుగువారి కోసం రూపొందిన పరీక్షలు మనకు ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఐదు భారతీయ భాషల్లో సిద్ధం చేసిన పరీక్షల సంపుటిలో తెలుగు ఒకటి. జ్ఞాపకశక్తినీ ఆలోచననూ చూడడానికి చాలామంది వాడే 30 మార్కుల మోకా (MoCA) పరీక్షలో కూడా, చదువు 12 ఏళ్ళకు మించనివారికి ఒక మార్కు కలుపుతారు. మీ నాన్నగారికి పెట్టిన పరీక్ష ఏ భాషలో ఉందో, చదువును లెక్కలోకి తీసుకుందో లేదో ముందుగా కనుక్కోండి.

ఆ తర్వాత అమ్మగారికి ఆరు నెలలకోసారి, తెలుగు సూచనలతో, ఉదయం పూటే, కళ్ళజోడు పెట్టించి ట్యాబ్ పరీక్ష చేయించాము. అందులో ఒకటి నాకు బాగా గుర్తుంది. తెర మీద చుట్టూ ఉన్న పెట్టెలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి, కొన్నిట్లో ఆకారాలు కనిపిస్తాయి, తర్వాత మధ్యలో ఒక ఆకారాన్ని చూపించి అది ఏ పెట్టెలోదో తాకమంటుంది. ఏ వస్తువు ఎక్కడ ఉందో జతపరిచి గుర్తుంచుకోవడంలో మెదడులోని హిప్పోక్యాంపస్‌ది ముఖ్యపాత్ర, అల్జీమర్స్ తొలిదశలోనే దెబ్బతీసే భాగాల్లో అదొకటి. అందుకే ఈ రకం పరీక్షకు అంత విలువ. మామూలుగా రెండోసారి రాసేటప్పుడు అలవాటు వల్ల మార్కులు కాస్త పెరుగుతాయి కాబట్టి, పెరగకపోయినా ఆలోచించాలని డాక్టరు గారు చెప్పారు. మూడోసారికి అమ్మగారి తప్పులు స్పష్టంగా పెరిగాయి. అప్పటికి ఇంట్లో ఆమె వంట చేస్తున్నారు, పాలవాడి లెక్క చూస్తున్నారు. మాకు ఏ తేడా కనబడలేదు. ఆ తగ్గుదల చూసే తదుపరి స్కానింగ్‌లు రాశారు, అల్జీమర్స్ అని తేలింది. ముందుగా తెలియడం వల్ల బ్యాంకు పనులు, పొలం కాగితాలు ఆమె తన ఇష్టప్రకారం తానే చక్కబెట్టుకోగలిగారు. నాకు అదే అన్నిటికన్నా పెద్ద మేలనిపిస్తుంది.

మీరు ఇంట్లో ప్రతి వారం ఆ యాప్ పెట్టవద్దు. మార్కుల పక్కన ఆ రోజు నిద్ర, మందులు, జ్వరం వంటివి నోటుపుస్తకంలో రాసి న్యూరాలజిస్టుకు చూపించండి. ఎప్పుడు ఆపాలో కూడా ఆయననే అడగండి. గత వేసవిలో అమ్మగారు పరీక్ష మధ్యలో ట్యాబ్ పక్కన పెట్టి, "నాకు రావట్లేదు నాయనా" అని కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇకమీదట మార్కులను బట్టి చికిత్సలో మారేదేమీ లేదని డాక్టరు గారు చెప్పడంతో ఆ రోజే ఆపేశాము. ఇప్పుడు స్నానం, భోజనం, నడక ఎలా ఉన్నాయో మాత్రమే రాసుకుంటున్నాము.