అమెరికాలో ఎల్‌ఎల్‌ఎంకు ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐదేళ్ల లా కోర్సు చివరి ఏడాదిలో ఉంది. అమెరికాలో ఆర్బిట్రేషన్ (కోర్టుకు వెళ్లకుండా మధ్యవర్తితో వివాదం తేల్చుకోవడం) ఒప్పందాల విషయంలో రాష్ట్రాల కాంట్రాక్టు చట్టాలపై ఫెడరల్ (కేంద్ర) చట్టం పైచేయి ఎలా సాధిస్తుందో చదవడానికి అక్కడ ఎల్‌ఎల్‌ఎం చేస్తానంటోంది. ఇల్లు తాకట్టు పెట్టాలి. ఇక్కడే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాస్తే మేలు కదా? సంబంధాలు కూడా చూస్తున్నాం.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అమ్మాయి అప్పుతో తిరిగొస్తుందేమోనన్నది మీ అసలు భయం. కోర్సు పేరు మారుతుంది తప్ప ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. జడ్జి పరీక్ష మాత్రం మీరనుకున్నంత చేరువలో లేదు. 2025 మేలో సుప్రీంకోర్టు దానికి మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది.

అమ్మాయి ఎంచుకున్నది గట్టి విషయమే. 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం మోసం, బలవంతం వంటి ఏ కాంట్రాక్టుకైనా వర్తించే కారణాలతోనే ఆర్బిట్రేషన్ ఒప్పందాన్ని కొట్టేయాలి. దానికొక్కదానికే రాష్ట్రాలు ప్రత్యేక షరతు పెట్టకూడదు. ఆర్బిట్రేషన్ నిబంధన ఉందన్న సంగతి కాంట్రాక్టు మొదటి పేజీలో పెద్దక్షరాలతో, కింద గీతతో ఉండాలన్న మోంటానా చట్టం 1996లో అందుకే వీగిపోయింది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ‘ఉచిత’ ఫోనుపై 30.22 డాలర్ల పన్ను వసూలు చేశారని కాలిఫోర్నియా దంపతులు దావా వేశారు. చిన్న మొత్తాలు నష్టపోయినవారు కలిసి పోరాడకుండా ఆపే ఆర్బిట్రేషన్ నిబంధన అన్యాయమన్న ఆ రాష్ట్ర కోర్టుల సూత్రం ఫెడరల్ చట్టానికి అడ్డమని సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికాలో మన ఐటీ పిల్లలు చదవకుండా సంతకం చేసే ఉద్యోగ పత్రాల్లోనూ ఇలాంటి నిబంధనలు ఉంటాయి.

నా అనుమానమల్లా డిగ్రీ మీదే. ఈ కేసులు వాదించేది ఎక్కువగా అక్కడే మూడేళ్ల జేడీ (అక్కడి లా డిగ్రీ) చదివినవారు. ఏడాది ఎల్‌ఎల్‌ఎంతో వెళ్లినవారు న్యూయార్క్ బార్ పరీక్ష (లాయర్ లైసెన్సు పరీక్ష) గట్టెక్కినా, పెద్ద సంస్థల్లో చోటు దొరకడం కష్టం. చదువయ్యాక పనికి అనుమతి 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకిచ్చే పొడిగింపు లాకు సాధారణంగా ఉండదు. ఆపైన హెచ్‌-1బీ ఉద్యోగ వీసా లాటరీ. కాలేజీల ప్రచార పుస్తకాల్లో ఈ లెక్కలు కనిపించవు.

ఇక మీ సంగతి. తాకట్టు గురించి రాశారు, సంబంధాల గురించి రాశారు. స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసిందో లేదో ఒక్క ముక్క లేదు. అసలు అమ్మాయిని అడిగారా? సంబంధాలకూ ఈ నిర్ణయానికీ ముడిపెట్టకండి.

దిగులు పడకండి, ఈ ఆసక్తి ఇక్కడా పనికొస్తుంది. వర్క్స్ కాంట్రాక్టుల (ప్రభుత్వ నిర్మాణ పనుల) వివాదాలకు మధ్యప్రదేశ్ చేసుకున్న సొంత చట్టాన్ని 2018లో మన సుప్రీంకోర్టు కేంద్ర చట్టాన్ని కాదని నిలబెట్టింది. దానికి రాష్ట్రపతి ఆమోదం ఉంది మరి. రెండు దేశాల తీరూ తెలిసిన లాయరుకు పని కరువుండదు. ముందు ఆర్బిట్రేషన్ కేసులు చూసే సీనియర్ దగ్గర మూడేళ్లు పనిచేయనివ్వండి. ఆ అనుభవం జడ్జి పరీక్షకూ, విదేశీ దరఖాస్తుకూ లెక్కకొస్తుంది. అప్పటికీ వెళతానంటే స్కాలర్‌షిప్ ఇచ్చే చోటికే పంపండి, ఇంటి జోలికి పోకండి.