ఆ కంచు డ్రాగన్లు కుబ్లాయ్ ఖాన్ నాటివేనా?

ప్రశ్న: బీజింగ్ పాత అబ్జర్వేటరీ అంటూ రెండు పాత ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. ఒకదాంట్లో ఎత్తైన గోడ మీద పెద్ద కంచు గోళం, చట్రాలు. ఇంకోదాంట్లో చెట్ల మధ్య డ్రాగన్లు మోస్తున్న వలయాలు. ‘కుబ్లాయ్ ఖాన్ కాలం, 13వ శతాబ్దం’ అని కింద రాశారు. నిజమేనా? అసలు టెలిస్కోప్ లేకుండా అబ్జర్వేటరీ ఏంటండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సగం కూడా నిజం కాదండీ, కానీ ఆ పొరపాటుకు ఓ కారణం ఉంది. ఆ కట్టడం మింగ్ రాజుల కాలంలో, 1442లో, నగరం కోటగోడను ఆనుకుని కట్టింది. చెట్ల మధ్య ఉన్న డ్రాగన్ల పరికరం కూడా మింగ్ వాళ్లదే. కాకపోతే అది కుబ్లాయ్ ఖాన్ దగ్గర పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త గువో షౌజింగ్ చేయించిన దానికి నకలు, అందుకే ఫొటో పంచినవాళ్లు నేరుగా ఖాన్‌కే కట్టబెట్టేశారు.

గోడ మీద ఉన్నవాటి కథ వేరు. 1668 చివర్లో, పద్నాలుగేళ్ల కాంగ్‌షీ చక్రవర్తి ముందు ఒక పోటీ జరిగింది, మధ్యాహ్నం కొయ్య నీడ ఎంత పొడవు పడుతుందో ముందే చెప్పాలి. యూరప్ నుంచి వచ్చిన ఫెర్డినాండ్ వెర్బీస్ట్ అనే జెస్యూట్ (ఒక కేథలిక్ సంఘం) పాదిరీ సరిగ్గా చెప్పి నెగ్గాడు. 1673 కల్లా ఆరు కొత్త పరికరాలు పోత పోయించి పైన పెట్టి, పాతవాటిని కిందికి దించేశాడు. చూడ్డానికి అంతా చైనా పనితనమే, కానీ గీతలు దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. చైనావాళ్లు వృత్తాన్ని 365¼ భాగాలు చేసేవారు, సూర్యుడు రోజుకో భాగం నడుస్తాడని. వెర్బీస్ట్ మన స్కూల్లో చెప్పే 360 డిగ్రీలే వేయించాడు. నాకైతే డ్రాగన్ల కంటే ఈ గీతలే అసలు విశేషం.

టెలిస్కోప్ అప్పటికే వచ్చి అరవై ఏళ్లు దాటింది. అయినా పంచాంగం లెక్కలకు కావలసింది ఏ నక్షత్రం ఎక్కడుందో కోణం కొలవడం, దానికి వలయాలు చాలు. వెర్బీస్ట్ అనుసరించింది టెలిస్కోప్ రాకముందే చనిపోయిన డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ పద్ధతినే.

ఫొటో ఎప్పటిదో పట్టుకోవాలంటే గోడ మీద పరికరాలు ఉన్నాయా లేవా చూడండి. 1900లో బాక్సర్ తిరుగుబాటును (చైనాలో విదేశీయుల మీద రేగిన తిరుగుబాటు) అణచడానికి వచ్చిన సైన్యాల్లో ఫ్రెంచివాళ్లు, జర్మన్లు వాటిని పంచుకున్నారు (దోపిడీ అనే అనాలి). ఫ్రాన్స్ తన వాటాను రాయబార కార్యాలయంలో ఉంచుకుని 1902లో ఇచ్చేసింది. జర్మనీ మాత్రం ఓడలో పోట్స్‌డామ్‌కి తీసుకుపోయి రాజప్రాసాదం తోటలో పెట్టింది, మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయాక వెర్సాయ్ ఒప్పందంలో ప్రత్యేకంగా ఒక అంశం రాస్తే గానీ అవి 1921లో తిరిగి రాలేదు. కాబట్టి గోడ మీద అన్నీ నిండుగా ఉంటే ఫొటో 1900కి ముందుదో, 1921 తర్వాతదో అయి ఉండాలి. చెట్ల మధ్య అసలు మింగ్ పరికరాలే కనిపిస్తే 1930ల తర్వాతది మాత్రం కాదు, జపాన్ భయంతో వాటిని అప్పుడే నాన్జింగ్‌కి తరలించారు. ఇప్పుడు ఆ పెరట్లో ఉన్నవి నకళ్లు. వెర్బీస్ట్‌వి మాత్రం జియాంగువోమెన్ మెట్రో స్టేషన్ పక్కన అదే గోడ మీద ఉన్నాయి, టికెట్ కొనుక్కుని ఎక్కి చూడొచ్చు.